కోక్‌టౌన్ గణితము - ధాత కరువు

చార్లెస్ డికెన్సు రచించిన ‘హార్డ్ టైమ్స్’ నవల 1854వ సంవత్సరమున ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ అను వారపత్రికలో ధారావాహికముగా వెలువడినది. కోక్‌టౌన్ అను కల్పిత యంత్రనగరము దానికి రంగస్థలము. అందలి మిల్లు యజమానులు కార్మికులను ‘చేతులు’ అని వ్యవహరింతురు. పనిచేయు అవయవమే వారి కంటికి కనబడును. ఆ చేతులు గల మనిషి కనబడడు. ఈ వర్గదృష్టికి తాత్త్విక సమర్థనము చేకూర్చువాడు గ్రాడ్‌గ్రైండ్. లెక్కకు రానిదానిని అతడు సత్యముగా అంగీకరింపడు. తన కుమారులలో ఇరువురకు ఆడమ్ స్మిత్, మాల్థస్ అని పేరిడినాడు.

మాల్థస్ నామము తెలుగుదేశ చరిత్రకు సంబంధింపనిది కాదు. ఆ అర్థశాస్త్రజ్ఞుడు 1805 మొదలు 1834లో మరణించువరకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులను తయారుచేయు హెయిలీబరీ కళాశాలలో ఆచార్యుడు. తరువాతి తరమున అచటనే చదివినవాడు సర్ రిచర్డ్ టెంపుల్. 1873-74లో బీహారు కరువున బర్మా బియ్యము తెప్పించి ప్రజలను కాపాడి, దుబారా చేసెనను నింద పొందినవాడును అతడే.

1876లో వానలు లేక బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములు ఎండిపోయినవి. ధాతు నామ సంవత్సరమున వచ్చినది గావున రాయలసీమ ప్రజలు దీనిని ధాత కరువనిరి. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ప్రభుత్వము టెంపుల్‌ను మద్రాసు రాజధానికి పంపినది. ఈసారి అతడు పొదుపునకే పూనుకొనెను. కరువు పనులలోని కూలికి దినమునకు ఒక పౌను (సుమారు 450 గ్రాములు) ధాన్యపు వెలయు, కొద్దిపాటి చిల్లరయు చాలునని నిర్ణయించెను. లిట్టన్ తండ్రియైన నవలాకారుడు బుల్వర్ లిట్టన్ డికెన్సుకు మిత్రుడే. సాహిత్య సహవాసము పాలనలో దయను పుట్టించునని దీనినిబట్టి చెప్పజాలము.

నవలలో సిస్సీ జూప్ అను సర్కసువాని కూతురును ఉపాధ్యాయుడొక ప్రశ్న యడుగును. పదిలక్షల జనముగల నగరమున ఏడాదికి ఇరువదియైదుగురు మాత్రమే వీధులలో ఆకలిచే మరణించిన, ఆ నిష్పత్తి యెట్టిది? తక్కినవారెందరున్నను చచ్చినవారి బాధ తగ్గదు కదా యని ఆ బాలిక భావము. బడిలో అది తప్పు జవాబైనది.

మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారి కార్నిష్ టెంపుల్‌నెదిరించిన తీరు ఇంతకంటె భిన్నమైనది. అతడు లెక్కకు లెక్కతోనే బదులు చెప్పెను. శ్రమించు దేహమునకు కావలసిన ధాన్యమెంత, పప్పు ఎంత యని నిరూపించి, ఆ భత్యము చాలదని వాదించెను. 1877లోనే మద్రాసు ప్రభుత్వము భత్యమును కొంత పెంచవలసివచ్చినది. ఆలోపల శిబిరములలో ఎందరో మరణించిరి. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చిచూచిన, కర్నూలు మండల జనము నాలుగవ వంతుకు పైగా తగ్గినట్లు తెలియుచున్నది.

డికెన్సు వాస్తవమునకు ప్రతిగా హృదయమును నిలిపినాడు. ధాత కరువు చరిత్ర మరియొక సంగతిని తెలుపుచున్నది. దోషము లెక్కించుటలో లేదు. ఖజానాను లెక్కించి కూలివాని దేహమును లెక్కింపకుండుటలో నున్నది. సిస్సీ ప్రశ్నను, కార్నిష్ లెక్కను కలిపి చదివినగాని ఈ నవలలోని విమర్శ మన విద్యార్థులకు పూర్తిగా బోధపడదు.