అనేక మెస్సీయలు, ఒక సిలువ

క్రైస్తవ మతం పుట్టుకను గురించి రాసేవారిలో చాలామంది రెండు దారులలో ఏదో ఒకటి తొక్కుతారు. భక్తులు దానిని ఒక్క మహాపురుషుని జీవితంలో వెతుకుతారు. నాస్తికులు ఆ పురుషుడు అసలు వున్నాడా అన్న వాదంతోనే తృప్తిపడతారు. ఉభయులూ ఆనాటి యూదయ ప్రజలను మరచిపోతారు.

హీబ్రూలో ‘మెస్సీయ’ అంటే అభిషేకం పొందినవాడు. గ్రీకులో ‘క్రీస్తు’ అన్నా అర్థం అదే. ఆ మాట మొదట బిరుదు, తర్వాతనే పేరు. దావీదు వంశపు రాజు ఒకడు వచ్చి తమ దాస్యాన్ని తొలగిస్తాడని యూదులలో చాలామంది ఎదురుచూశారు. 1947 నుంచి మృతసముద్ర తీరపు గుహలలో బయటపడిన ప్రతులలో ఒకటి, అభిషిక్తులు ఇద్దరు వస్తారని చెబుతుంది. ఒకడు యాజకుడు, మరొకడు రాజు.

ఈ ఆశ నుంచి తిరుగుబాట్లు పుట్టాయి. క్రీ. పూ. 4లో హేరోదు చనిపోగానే అతని బానిస సీమోను, అత్రోంగెసు అనే గొర్రెలకాపరి ఎవరికివారు కిరీటం ధరించారు. ఆ అల్లర్లలో సిరియా గవర్నరు వారస్ సుమారు 2,000 మందిని సిలువ వేయించాడు. క్రీ. శ. 6లో రోము యూదయను నేరుగా తన ఏలుబడిలోకి తీసుకుని, పన్నుకోసం ఆస్తుల లెక్క తీసింది. దేవుడు తప్ప మాకు వేరే ప్రభువు లేడని గలిలయ వాడైన యూదా ఎదురుతిరిగాడు. 40ల దశకంలో థూదా అనేవాడు యోర్దాను నదిని చీలుస్తానని జనాన్ని వెంటబెట్టుకుపోయాడు. రోము సైనికులు అతని తల నరికి యెరూషలేముకు తెచ్చారు.

ఈ సంగతులు మనకు చెప్పినవాడు జోసెఫస్. రోముపై పోరాడి, లొంగిపోయి, చక్రవర్తుల పోషణలో చరిత్ర రాసినవాడు. ఇలాంటి నాయకులను బందిపోట్లనీ వంచకులనీ తిట్టాడు. అయినా ఒక సంగతి దాచలేదు. 66లో తిరుగుబాటుదారులు యెరూషలేములో అప్పుపత్రాలున్న కచేరీని తగలబెట్టారు. బందిపోట్లు బొక్కసం దోచుకుంటారు. పత్రాలు కాలితే మేలు కలిగేది అప్పులపాలైనవారికి!

26 నుంచి 36 వరకు యూదయను ఏలిన పిలాతు యేసును సిలువ వేయించాడు. మోపిన నేరం, ‘యూదుల రాజు’. యేసు కత్తి పట్టాడా లేదా అన్నది వేరే ప్రశ్న. సిలువ మాత్రం బానిసలకూ తిరుగుబాటుదారులకూ రోము వేసే శిక్ష. ఆ రాజ్యం దృష్టిలో అతడూ ఆ వరుసలోని వాడే.

మరి ఈ ఒక్క ఉద్యమమే ఎందుకు నిలిచింది? తక్కినవారి అనుచరులు నాయకుడు చావగానే చెదిరిపోయారు. యేసు అనుచరులు ఆ చావుకే అర్థం చెప్పి, అతడు తిరిగి వస్తాడన్నారు. ఓడిన విప్లవం ఓదార్పుగా మారిందని మనవారు కొందరు సూత్రీకరిస్తారు. ఇది సగమే నిజం. 70లో యెరూషలేము దేవాలయం కూలడానికి ముందే, 50ల దశకంలో పౌలు గ్రీకు నగరాలలో యూదేతరులకు తలుపు తెరిచాడు. తొలి క్రైస్తవాన్ని కార్మికోద్యమంతో పోల్చిన ఎంగెల్సు కూడా, అది విముక్తిని మరణానంతరానికి వాయిదా వేసిందని 1894లోనే గుర్తించాడు.

ఈ విస్తరణకు మూల్యం చెల్లించినవారు వేరు. రోము సామ్రాజ్యంలో బతకవలసిన మతం రోము చేసిన హత్యను మెత్తబరిచింది. మత్తయి సువార్తలో పిలాతు చేతులు కడుక్కున్నాడు. జోసెఫస్ చెప్పిన పిలాతు, సమరయుల ఊచకోత తర్వాత సంజాయిషీకై రోముకు పంపబడిన పాలకుడు! నేరం యూదుల నెత్తికెక్కింది. 380లో ఈ మతం రాజమతమయింది. యేసు మరణానికి యూదులందరినీ బాధ్యులను చేయరాదని రోమన్ కాథలిక్ సభ ప్రకటించేటప్పటికి 1965 వచ్చింది. ఆలోగా ఆ నింద ఎన్ని తరాల యూదులను బలిగొన్నదో యూరపు చరిత్ర చెబుతుంది.

మతచరిత్ర చదివే విద్యార్థి విశ్వాసాన్ని ఎగతాళి చేయనక్కరలేదు. సిలువ ఎవరు ఎత్తించారు, నింద ఎవరిపై పడింది, దానివల్ల ఎవరు లాభపడ్డారు అని అడిగితే చాలు.