టైడా దారిలో అద్దాల పెట్టె

విశాఖ మన్యమున అనంతగిరి కొండల నడుమ నున్న టైడా చిన్న స్టేషనే యైనను, దాని ముంగిట సాగు ఇనుపదారి చరిత్ర పెద్దది. బైలదిల్లా గనుల ముడి ఇనుమును విశాఖ రేవునకు చేర్చి జపానునకు పంపుటకై 1960వ దశకమున కొత్తవలస–కిరండూలు మార్గము నిర్మితమయ్యెను. శిలలను తొలిచి, సొరంగము వెంట సొరంగము త్రవ్వి, లోయలపై వంతెనలు కట్టి, సుమారు వేయి మీటర్ల యెత్తున నున్న శిమిలిగూడ వరకు దారి నెక్కించిన శ్రామికుల కష్టము చిరస్మరణీయము.

ఖనిజమునకై పుట్టిన ఆ దారిలో, ప్రకృతిని కన్నులార చూడదలచిన యాత్రికునకు తగిన వాహనము మాత్రము దాదాపు అర్ధశతాబ్దము వరకు సిద్ధింపలేదు. తుదకు రైల్వేవారు ప్రత్యేకముగా నొక పెట్టెను చేయింపదలచి, స్విట్జర్లాండు సాంకేతిక సహకారముతో 1955లో మద్రాసు పెరంబూరున నెలకొన్న ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీకి ఆ పని నప్పగించిరి. పైకప్పు, ప్రక్కగోడలు, అడుగుచట్రము ఏకదేహమై భారము మోయునట్లు పెట్టెలను కూర్చుటయే ఆ కర్మాగారపు విద్య. అట్టి దేహమున కప్పు నడుమ అద్దము పొదుగుట యనగా, బలము చెడకుండ ఆకాశమును లోనికి రప్పించుటయే. ఏ దిక్కునకైనను తిరుగు 40 ఆసనములతో, 3.38 కోట్ల రూపాయల వ్యయముతో రూపొందిన ఆ విస్టాడోమ్ పెట్టె 2017 ఏప్రిల్ 16న విశాఖనుండి అరకునకు ప్రారంభమయ్యెను.

వెలగల వాహనమును చేయించువాడు తొలుత తన దారిని, పిదప తగిన శిల్పిని ఎరుగవలెను; ఈ రెండును ఇచట కూడివచ్చినవి. సామాన్య ప్రయాణికునకును ఆ వైభవము అందునట్లు చేయుటయే ఇక మిగిలిన కర్తవ్యము.