కంటి అంచనా నుండి కాంతి కొలత వరకు

పైరు చేలో ఉండగానే ఎకరాకు ఎన్ని బస్తాలు దిగునో తెలుసుకొనడం రైతుకు ఎంత అవసరమో, ప్రభుత్వానికీ అంత అవసరం. ఆనాడు శిస్తు తగ్గింపు, ఈనాడు పంటల బీమా ఆ అంకెపైననే ఆధారపడినవి. అంకె తప్పితే నష్టపోయేది సేద్యగాడే.

బ్రిటిషు పాలనలో ఈ అంచనా గ్రామోద్యోగి చూపుమీద నడిచేది. నిండు పంటను పదహారణాలుగా, కొన్నిచోట్ల పన్నెండణాలుగా భావించి, ఈ యేడు ఎనిమిదణాలు, ఆ యేడు పదణాలు అని వ్రాసేవారు. అణాకు కొలబద్ద మాత్రం లేదు.

ఆ లోపాన్ని సరిదిద్దబూనిన తొలివారిలో హబ్బాక్ అనే అధికారి ఒకరు. 1923–25 మధ్య బీహారు, ఒరిస్సాల వరిచేలలో, నచ్చిన తావున గాక యాదృచ్ఛికంగా తగిలిన తావున కోయించి తూచినారు. 1937 నుండి మహలనోబిస్ బెంగాలు జనుము పంటపై నమూనా సర్వేలు సాగించినారు. కోసే తావు మరీ చిన్నదైతే అంచు మొక్కలు లోపలికి చేరి దిగుబడి ఉన్నదానికంటె హెచ్చుగా కనబడునని 1946లో సుఖాత్మే నిరూపించినారు.

అయితే కొడవలి చెప్పేది కోతనాడే. అంతకుముందే చెప్పగలది కాంతి. పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకొని, కంటికి కానరాని పరారుణ కాంతిని చాలవరకు తిప్పికొడుతుంది. పైరు ఏపుగా ఉన్నకొద్దీ ఈ రెంటి వ్యత్యాసం పెరుగుతుంది. 1972లో ఎగిరిన లాండ్‌శాట్ ఉపగ్రహం దీనిని ఆకాశం నుండి కొలిచింది. చేలోనే నిలిచి కాంతిని కొలిచి, గోధుమ దిగుబడిని కోతకు నెలల ముందే అంచనా కట్టవచ్చునని 2001లో అమెరికాలోని ఓక్లహామా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించినారు. తరువాత తన దీపాన్ని తానే వెలిగించుకొని కొలిచే చేతిపరికరాలు వచ్చినవి. వాటిలోని డయోడ్లు, కాంతిగ్రాహకాలు నేడు చవుక.

కాని ఈ పరికరం చూసేది ఆకును, గింజను కాదు. ఆకులు దట్టంగా కమ్ముకొన్న పిమ్మట దాని అంకె దాదాపు నిలిచిపోతుంది. కొలిచిన తరువాత పూతవేళ వీచిన వడగాలి దానికి తెలియదు. కనుక ప్రతి పంటకు, ప్రతి ప్రాంతానికి కోసి తూచిన లెక్కతో దానిని సరిచూడక తప్పదు. మన దేశంలో 2023 ఖరీఫు నుండి వరి బీమాలో ఉపగ్రహాది సాధనాల అంచనాకు కనీసం 30 శాతం విలువ నియమించినారు. తక్కిన భాగానికి సాక్షి ఇంకా కొడవలియే.