విద్యా వాలంటీరు

'''విద్యా వాలంటీరు''' అనగా ప్రభుత్వ పాఠశాలలలో ఖాళీగా ఉన్న ఉపాధ్యాయ పోస్టులలో ఒక విద్యాసంవత్సరానికి మాత్రమే గౌరవ వేతనంపై బోధించిన తాత్కాలిక ఉపాధ్యాయుడు. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లోను, 2014 తరువాత తెలంగాణలోను ఈ పద్ధతి అమలులో ఉండేది. ఒకే పనికి రెండు రకాల వేతనాలు న్యాయమా అనే చర్చకు ఇది కేంద్రమైనది.

== పూర్వరంగం ==
తక్కువ వేతనంపై బోధన చేయించుట కొత్త కాదు. పూర్వం నెలకు రూ. 398 గౌరవ వేతనంపై నియమితులైన ప్రత్యేక ఉపాధ్యాయులు "398 టీచర్లు"గా పేరుపడ్డారు. ఆ కాలానికి నోషనల్ ఇంక్రిమెంట్లు ఇవ్వాలని ఉపాధ్యాయ సంఘాలు చాలాకాలం కోరాయి.

== అవసరం ==
2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలో కూడా ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాదు జిల్లాలోని కోట్‌పల్లి, తాండూరు వంటి మండలాలలో పల్లెలు, తండాలు దూరదూరంగా ఉంటాయి. ఇటువంటి చోట్ల ఉన్న ఒక్క ఉపాధ్యాయుడు సెలవు పెడితే బడి నడవదు. డీఎస్సీ నియామకాలు ఆలస్యమైనప్పుడు ఈ లోటును వాలంటీర్లు తీర్చేవారు.

== వేతనం, పనిభారం ==
2017లో తెలంగాణ ప్రభుత్వం వీరి గౌరవ వేతనాన్ని నెలకు రూ. 12,000 చేసింది. అప్పటి 2015 వేతన సవరణ ప్రకారం సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుని స్కేలు రూ. 21,230 - 63,010. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం అదనం. వాలంటీర్లకు వేసవి సెలవులలో వేతనం ఉండేది కాదు. తరగతులు, పరీక్షలు, జవాబుపత్రాలు దిద్దుట మాత్రం ఇద్దరికీ సమానమే. అయితే శాశ్వత ఉపాధ్యాయులకు ఎన్నికలు, జనగణన వంటి విధులు కూడా ఉంటాయి. 2024 నవంబరులో తెలంగాణ సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వేకు ప్రాథమిక ఉపాధ్యాయులను వినియోగించినప్పుడు ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూట నడిచాయి.

== న్యాయస్థానాల తీర్పులు ==
2016 అక్టోబరు 26న పంజాబు రాష్ట్రం - జగ్జీత్ సింగ్ కేసులో, శాశ్వత ఉద్యోగులతో సమానమైన విధులు నిర్వర్తించే తాత్కాలిక ఉద్యోగులకు కనీస స్కేలు చెల్లించాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాని 2019 మే 10న బీహారు నియోజిత ఉపాధ్యాయుల కేసులో సమాన వేతనం కోరికను అదే కోర్టు తిరస్కరించింది. కనుక ఈ సూత్రం అన్ని సందర్భాలలోను యాంత్రికంగా వర్తించదు.

== ముగింపు దశ ==
2020 మార్చిలో కరోనా కారణంగా బడులు మూతపడిన తరువాత తెలంగాణలో వాలంటీర్లను తిరిగి తీసుకొనలేదు. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు ప్రకటన వెలువడింది. 2021 నాటి వేతన సవరణతో సెకండరీ గ్రేడు స్కేలు రూ. 31,040 - 92,050 అయినది.

== ఇవి కూడా చూడండి ==
* విద్యాహక్కు చట్టం
* కోట్‌పల్లి మండలం
* వికారాబాదు జిల్లా