బూస్ట్ అందే లోపు

వాన ఇప్పుడే తెరిపి ఇచ్చింది. జర్మనీలోని ఐఫెల్ కొండల మధ్య, నూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ ట్రాక్ మీద మీరున్నారు. పోర్షె 911 టర్బో ఎస్‌లో డ్రైవర్ పక్క సీటు మీది. తారు నల్లగా మెరుస్తోంది. చెట్ల కొమ్మల నుంచి నీళ్లు ఇంకా రాలుతూనే ఉన్నాయి. ముందున్నది 20 కిలోమీటర్లకు పైబడిన దారి. డెబ్బైకి పైగా మలుపులు, కింది నుంచి పైకి సుమారు 300 మీటర్ల ఎత్తు తేడా. 1927లో తెరిచిన ఈ ట్రాక్‌కి ‘గ్రీన్ హెల్’ అని పేరు పెట్టినవాడు రేసు డ్రైవర్ జాకీ స్టీవర్ట్. ఇక్కడ ఒక కొసన ఎండ కాస్తుంటే ఇంకో కొసన వాన పడుతుంటుంది. తారు ఎక్కడ ఆరిందో, ఎక్కడ తడిగా ఉందో మలుపు తిరిగితే తప్ప తెలియదు.

ఇంజిన్ మీ వీపు వెనకాల ఉంది. 3.8 లీటర్లు, ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, 580 హార్స్‌పవర్. కారు బరువు 1,600 కిలోలు. అందులో దాదాపు 60 శాతం వెనక చక్రాల మీదే ఉంటుంది. ఆ శక్తి వెనక చక్రాలకు ఎప్పుడూ వెళ్తుంది, అవసరమైన క్షణంలో ముందు చక్రాలకూ వెళ్తుంది. ఎంత వెళ్లాలో నిర్ణయించేది మధ్యలో ఉన్న మల్టీప్లేట్ క్లచ్. దాన్ని నడిపేది కంప్యూటర్.

హాట్జెన్‌బాఖ్ మలుపులు వచ్చేశాయి. ఎడమ, కుడి, మళ్లీ ఎడమ. డ్రైవర్ చేతులు తొందరపడటం లేదు. మీరు తలుపు పట్టీని గట్టిగా పట్టుకున్నారు కానీ కారు ఎక్కడా తొణకడం లేదు. ఫ్లుగ్‌ప్లాట్జ్ దగ్గర రోడ్డు గట్టెక్కి దిగుతుంది. ఆ గట్టు మీద ఒక్క క్షణం మీ ఒళ్లు తేలికై, కడుపు పైకి లేస్తుంది. కారు మళ్లీ నేల మీద కూర్చోగానే డ్రైవర్ కాలు యాక్సిలరేటర్ మీద దిగుతుంది. ఈ తడిలో అంత శక్తి వదిలితే వెనక భాగం పక్కకు జారాలి. జారలేదు. ముందు చక్రాలు పట్టు అందుకుని కారును ముందుకు లాగాయి.

పల్లకిని నలుగురు బోయీలు మోస్తున్నప్పుడు ఒకరి కాలు జారితే మిగతా ముగ్గురూ ఆ బరువు అందుకుంటారు. ఇద్దరే మోస్తుంటే ఆ జారుడు పల్లకిలో ఉన్నవాడికి తెలిసిపోతుంది. ఆల్-వీల్ డ్రైవ్‌కీ రియర్-వీల్ డ్రైవ్‌కీ ఉన్న తేడా మొదట ఇలాగే ఒంటికి తెలుస్తుంది.

ఆ పట్టు మీద మీకు నిండుగా ధైర్యం వచ్చేసరికి ష్వేడెన్‌క్రాయిజ్ దాటి ఆరెంబెర్గ్ మలుపు ఎదురొస్తుంది. వేగం చాలా ఎక్కువగా ఉంది. డ్రైవర్ మీరనుకున్నదాని కంటే ఎంతో ముందే బ్రేక్ నొక్కాడు. బెల్టు మీ ఛాతీని బిగించింది. ఇంత పట్టు ఉన్న కారుకు అంత ముందుగా బ్రేక్ ఎందుకు?

ఎందుకంటే అన్ని కార్లకూ బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. బ్రేక్ వేసేటప్పుడు ఆల్-వీల్ డ్రైవ్ వల్ల అదనంగా వచ్చేది ఏమీ లేదు. మలుపు మధ్యలో కారును పక్కకు జారకుండా పట్టి ఉంచేదీ టైర్లే, ఇరుసులకు శక్తి వెళ్తోందా లేదా అన్నది కాదు. ఆల్-వీల్ డ్రైవ్ లాభం వేగం పెంచేటప్పుడే. ప్రమాదం కూడా అక్కడే ఉంది. తడి రోడ్డు మీద ఈ కారు జారకుండా దూసుకెళ్తుంది కాబట్టి రోడ్డు ఎంత జారుడుగా ఉందో డ్రైవర్‌కి తెలియదు. తర్వాతి మలుపుకి ఎక్కువ వేగంతో చేరతాడు. ఆపడానికి మాత్రం అందరికీ ఉన్నంత పట్టే అతనికీ ఉంటుంది. ఈ లెక్క తెలిసిన మనిషి పక్కన కూర్చున్నారు కనుక మీరు క్షేమంగా ఉన్నారు.

లోయలోకి దిగి, బ్రైట్‌షైడ్ వంతెన దాటి, ఎక్స్‌మ్యూలే మలుపు ఎక్కితే బెర్గ్‌వెర్క్ వస్తుంది. 1976లో రేసు డ్రైవర్ నికీ లౌడా కారు మంటల్లో చిక్కుకున్నది దీనికి కాస్త ముందు. బెర్గ్‌వెర్క్ కుడివైపు ఇరుకు మలుపు. అది దాటాక కిలోమీటర్ల కొద్దీ ఎగువ దారి. మలుపు నుంచి ఎంత వేగంతో బయటపడితే ఆ ఎక్కుడు మొత్తం అంత లాభం. డ్రైవర్ మలుపు మధ్యలో ఉండగానే యాక్సిలరేటర్ తొక్కాడు. వెనక భాగం బెత్తెడు పక్కకు జరిగినట్టు మీ నడుముకు తెలిసింది. అంతలోనే ముందు నుంచి లాగుడు. స్టీరింగ్ నిటారుగా వచ్చేసింది, కారు కొండెక్కుతోంది. ఆ జారుడును సర్దింది డ్రైవర్ కాదు, క్లచ్. ఆయన చేయాల్సిన పని సగానికి తగ్గిపోయింది.

మధ్యాహ్నానికి మబ్బు విడిపోయింది. పార్కింగ్‌లో ఒక పాత 911 టర్బో నిలిచి ఉంది. 930 అని పిలిచే తరం. 1974 పారిస్ మోటార్ షోలో పరిచయమై మరుసటి ఏడు అమ్మకానికి వచ్చింది. 3 లీటర్ల ఇంజిన్, ఒక్క టర్బో, 260 హార్స్‌పవర్, నాలుగే గేర్లు. శక్తి వెనక చక్రాలకే. కంప్యూటర్ సాయం లేదు. దాని యజమాని మిమ్మల్ని ఎక్కించుకుని అడెనావ్ ఊరి వైపు దిగే రోడ్డు మీదికి తీసుకెళ్తాడు.

మలుపు మధ్యలో అతను యాక్సిలరేటర్ మెల్లగా తొక్కాడు. ఏమీ జరగలేదు. కారు మామూలుగా కదులుతోంది. మీరు ఊపిరి తీసుకునేంతలో వెనక నుంచి ఎవరో తోసినట్టు వీపు సీటుకు అతుక్కుపోయింది. టర్బో, ఇంజిన్ వదిలే పొగతోనే తిరుగుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పొగ చాలదు, టర్బైన్ వేగం అందుకోదు. కాలు ఆజ్ఞ ఇచ్చాక పొగ పెరగాలి, టర్బైన్ తిరగాలి, గాలి ఒత్తిడి (బూస్ట్) పెరగాలి, అప్పుడు గానీ శక్తి చక్రాలకు చేరదు. దీన్నే టర్బో లాగ్ అంటారు.

ఈ కారు వల్ల ఎంతోమంది ఎందుకు ప్రమాదాల పాలయ్యారో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. కొత్త డ్రైవర్ మలుపు మధ్యలో కొంచెం తొక్కుతాడు, శక్తి రాదు. ఇంకొంచెం తొక్కుతాడు. అడిగినదంతా కలిసి ఒక్కసారిగా వస్తుంది. అప్పటికి కారు మలుపులో అత్యంత సున్నితమైన చోట ఉంటుంది. వెనక టైర్లు జారతాయి. భయంతో కాలు తీసేస్తాడు. కాలు తీయగానే బరువు ముందుకు వంగుతుంది, వెనక టైర్ల మీద భారం తగ్గి ఉన్న పట్టు కూడా పోతుంది. వెనక కూర్చున్న ఇంజిన్ బరువు కారు తోకను విసిరేస్తుంది. తప్పు అనిపించిన క్షణంలో మనిషి సహజంగా చేసే పనే ఈ కారులో అన్నిటికంటే పెద్ద తప్పు. యజమాని మాత్రం తర్వాతి మలుపులు రాకముందే కాలు దింపుతున్నాడు. బూస్ట్ మలుపు చివర అందేలా ముందుగా అడుగుతున్నాడు. అతను కారును కాలంతో నడుపుతున్నాడు.

ఆ ఎడాన్ని పోర్షె రెండు దారుల్లో దాటింది. మొదటిది టర్బోనే బాగుచేయడం. 1986 నాటి పోర్షె 959 కారులో ఒక టర్బో ముందుగా, రెండోది తర్వాత పనిచేసే ఏర్పాటు వచ్చింది. 2006లో 911 టర్బోకి టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలు వచ్చాయి. పొగ తక్కువగా ఉన్నప్పుడు అవి సందు ఇరుకు చేసి ఆ కొద్ది పొగనే వేగంగా తోస్తాయి. రెండో దారి, శక్తి ఎప్పుడు వచ్చినా తట్టుకునేలా నాలుగు చక్రాలకూ పంచడం. అదే 959 ఆల్-వీల్ డ్రైవ్‌తో 1986 పారిస్-డకార్ ర్యాలీని రెనే మెట్జ్ చేతుల్లో గెలిచింది. ఎడారిలో ముందు ఇసుక ఎంత లోతుందో డ్రైవర్‌కి తెలియదు. అలాంటి చోట నాలుగు చక్రాల విలువ ఇంకెక్కడా లేనంతగా తెలుస్తుంది. 1995లో 911 టర్బో ఆల్-వీల్ డ్రైవ్‌కి మారింది, 408 హార్స్‌పవర్‌తో. అదే ఏడాది రేసుల కోసం పుట్టిన జీటీ2లో ముందు చక్రాలకు వెళ్లే యంత్రాంగం మొత్తం తీసేశారు. బరువు దాదాపు 200 కిలోలు తగ్గింది, శక్తి 430కి పెరిగింది. ఒకే సంస్థ, ఒకే ఆకారం, ఒకే ఇంజిన్ వంశం. ఒకే ప్రశ్నకు ఒకే ఏట రెండు జవాబులు.

రెండో జవాబులో ఇప్పుడు ఎక్కండి. 911 జీటీ2 ఆర్‌ఎస్. పొద్దుటి టర్బో ఎస్ తరంలోనిదే. 700 హార్స్‌పవర్, 750 న్యూటన్ మీటర్ల టార్క్, 1,470 కిలోలు, అంతా వెనక చక్రాలకే. వెనక టైరు వెడల్పు 325 మిల్లీమీటర్లు. ఈ శక్తిని నేలకు దింపాల్సింది అవి రెండే. కార్బన్ సీటు మిమ్మల్ని రెండు పక్కలా పట్టేసింది. వెనకాల రాళ్లు లేచి అడుగున తగులుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. టర్బో ఎస్ ఆ చప్పుళ్లను దాచిపెట్టింది.

రోడ్డు ఆరిపోయింది. హాట్జెన్‌బాఖ్‌లో ముందు భాగం మీరు ఊహించిన దానికంటే చురుగ్గా తిరుగుతుంది. ముందు టైర్లకు ఒకటే పని, కారును తిప్పడం. లాగాల్సిన బాధ్యత లేదు. టైరుకు ఉన్న పట్టు పరిమితం. అందులో కొంత లాగడానికి ఖర్చయితే తిప్పడానికి అంత తగ్గుతుంది. ఇక్కడ ఆ పంపకం లేదు. స్టీరింగ్ చెప్పే మాట కలగాపులగం కాకుండా స్పష్టంగా చేతికి అందుతుంది. ఆ తేడా పక్క సీట్లో ఉన్న మీకూ తెలుస్తోంది. డ్రైవర్ మణికట్టు కదిలిన మరుక్షణం మీ భుజం పక్కకు ఒరుగుతోంది.

ఫుక్స్‌ర్యోరెలో కారు లోయలోకి పడిపోతున్నట్టు దిగి, అడుగున నేలకు అదుముకుని, మళ్లీ పైకి లేస్తుంది. బెర్గ్‌వెర్క్ వచ్చింది. పొద్దున టర్బో ఎస్ మలుపు మధ్యలోనే పూర్తి శక్తి తీసుకున్న చోటు. ఇప్పుడు డ్రైవర్ ఆగుతున్నాడు. కాలు పెడల్ మీద ఉంది, బరువు మాత్రం పడలేదు. స్టీరింగ్ ఎంత నిటారు అవుతుంటే కాలు అంత దిగుతోంది. చేతులూ కాలూ ఒకే దారానికి కట్టినట్టు కదులుతున్నాయి. సగం దూరం దగ్గర వెనక భాగం కొంచెం విచ్చుకుంది. ఆయన కాలు తీయలేదు, ఉన్నచోటే ఆపాడు. టైర్లు పట్టు అందుకున్నాయి. ఆ తర్వాత వచ్చిన తోపు టర్బో ఎస్‌లో మీరు ఎరగనిది. కెస్సెల్‌ఖెన్ ఎక్కుడు మొత్తం తల సీటుకు అంటుకునే ఉంది.

పోర్షె ప్రకటించిన అంకెలు ఈ అనుభవానికి సాక్ష్యం. నిలబడి ఉన్న చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగానికి టర్బో ఎస్‌కి 2.9 సెకన్లు, జీటీ2 ఆర్‌ఎస్‌కి 2.8. శక్తి 120 ఎక్కువ, బరువు 130 కిలోలు తక్కువ, అయినా తేడా సెకనులో పదో వంతే. ఆ అదనపు శక్తిని మొదటి 100లో నేలకు దింపడానికి రెండు టైర్లు చాలవు. అదే 200 వేగానికి చూడండి. టర్బో ఎస్‌కి 9.9, జీటీ2 ఆర్‌ఎస్‌కి 8.3. వేగం పెరిగాక పట్టు సమస్య కాదు, శక్తీ బరువే లెక్క. 2017 సెప్టెంబరులో డ్రైవర్ లార్స్ కెర్న్ ఈ ట్రాక్‌ని ఇదే జీటీ2 ఆర్‌ఎస్‌లో 6 నిమిషాల 47.3 సెకన్లలో చుట్టాడు. ఆ సమయంలో మామూలుగా తయారై అమ్ముడయ్యే, రోడ్డు మీద తిరగగల కార్లలో అంత వేగంగా ఇక్కడ తిరిగింది ఇంకోటి లేదు. వెనక చక్రాలే నడిపే కారు ఆ పని చేసింది. ఆ రోజు రోడ్డు ఎండి ఉంది, డ్రైవర్‌కి ప్రతి మలుపూ కంఠస్థం.

ఈ చివరి మాట తేలిగ్గా తీసుకోవద్దు. బ్రూన్‌ఖెన్ దగ్గరికి వచ్చేసరికి చెట్ల నీడలో ఒక పట్టీ ఇంకా తడిగా ఉంది. ఈ కారు టైర్లు దాదాపు రేసు టైర్లు, నీళ్లను తోసే గాడులు వాటికి తక్కువ. డ్రైవర్ దాన్ని దూరం నుంచే చూసి, దాటేదాకా కాలు తేలిగ్గా ఉంచాడు. ఆ పట్టీ ఎప్పుడూ ఆఖరున ఆరుతుందని ఆయనకు తెలుసు. తెలియని మనిషి అదే చోట పూర్తిగా తొక్కి ఉంటే కారు పక్కనున్న ఇనుప కంచెలో ఉండేది. టర్బో ఎస్ అయితే అతన్ని చాలావరకు క్షమించేది.

గాల్గెన్‌కోఫ్ మలుపు దాటి డ్యోటింగర్ హ్యోహె మీదికి వస్తారు. రెండు కిలోమీటర్లకు పైగా నేరుగా సాగే దారి. ఆలోచించడానికి మీకు ఇప్పుడు తీరిక దొరికింది. ఏది మేలు?

దారి తెలియనప్పుడు ఆల్-వీల్ డ్రైవ్ మేలు. వానలో, మంచులో, ఇసుకలో, చీకట్లో, కుటుంబం వెనక కూర్చున్నప్పుడు, ఘాట్ రోడ్డు మొదటిసారి ఎక్కుతున్నప్పుడు 580 హార్స్‌పవర్‌ని రెండు టైర్లకే అప్పగించడం వివేకం కాదు. దారి తెలిసినప్పుడు, రోడ్డు ఎండి ఉన్నప్పుడు, నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నప్పుడు రియర్-వీల్ డ్రైవ్ మేలు. అది తేలిక, చురుకు. అన్నిటికీ మించి, డ్రైవర్ చేసిన ప్రతి పనికీ ఫలితాన్ని వెంటనే, దాచకుండా చూపిస్తుంది.

టర్బో లాగ్ ఇప్పుడు దాదాపు పోయింది. కానీ అది మనిషికి నేర్పిన పాఠం పోకూడదు. శక్తి కావాల్సిన చోటు కంటే ముందుగా ఆలోచించడం, స్టీరింగ్ తిరిగి ఉన్నంతసేపూ కాలిని అదుపులో పెట్టడం, జారినప్పుడు బెదిరి కాలు తీసేయకపోవడం. ఇవి రెండు చక్రాలే నడిపే కారులో నేర్చుకుంటే నాలుగు చక్రాలూ నడిపే కారులోనూ ప్రాణాన్ని కాపాడతాయి. ఆల్-వీల్ డ్రైవ్ కారు మాత్రమే నడిపిన మనిషికి ఇవి నేర్చుకునే అవకాశం రావడమే అరుదు. అందుకే శక్తివంతమైన కారు కొనే స్తోమత వచ్చినవాళ్లు రోజువారీ రోడ్డుకు ఆల్-వీల్ డ్రైవే తీసుకోండి. కానీ దానికంటే ముందు, తక్కువ శక్తి ఉన్న ఒక రియర్-వీల్ డ్రైవ్ కారును ఖాళీగా ఉన్న తడి మైదానంలో, నేర్పేవాళ్లు పక్కన ఉండగా, జారేదాకా నడిపి చూడండి. కారు ఎక్కడ పట్టు వదులుతుందో మీ ఒంటికి తెలియాలి. ఆ ఎరుక వచ్చాక ఏ చక్రాలు తిప్పినా ఆ కారు నిజంగా మీ చేతిలో ఉంటుంది.