గడప దగ్గర ఆగిన రాజ్యాంగం

కడప అనే పేరు ‘గడప’ నుంచి వచ్చిందంటారు, తిరుమల వెళ్లేవాళ్లకి అది గడప కాబట్టి. రాజ్యాంగం ఇంటి గడప దాటి లోపలికి రావొచ్చా లేదా అన్న ఒక పెద్ద తగువు కూడా ఆ ఊరి కోర్టులోనే మొదలైంది.

కేసు పేరు టి. సరిత వర్సెస్ టి. వెంకటసుబ్బయ్య. ఆమె సినీనటి. 1975లో తిరుపతిలో పెళ్లయిందన్నది భర్త వాదన. అప్పటికి ఆమెకి పదహారేళ్లు, హైస్కూల్లో చదువుతోంది. దాదాపు వెంటనే విడిపోయారు. ఐదేళ్లకి పైగా ఎవరి బతుకు వాళ్లు బతికాక, భర్త కడప సబ్‌కోర్టులో హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 కింద పిటిషన్ వేశాడు. భార్య వచ్చి తనతో కాపురం చేసేలా ఆదేశించమని దాని సారాంశం. ఆమె మొదట ఎత్తిన అభ్యంతరం చిన్నదే: ఈ కేసు వినే అధికారం కడప కోర్టుకి లేదని. అది నిలబడకపోతే హైకోర్టుకి వచ్చింది. అక్కడ జస్టిస్ పి.ఎ. చౌదరి ముందు ప్రశ్న పెద్దదైపోయింది. అసలు ఇలాంటి ఆదేశం ఇచ్చే అధికారం ఏ కోర్టుకైనా ఉండొచ్చా?

చట్టంలో దీని పేరు ‘దాంపత్య హక్కుల పునరుద్ధరణ’. పేరు వింటే ఏ ధర్మశాస్త్రంలోంచో వచ్చినట్టుంటుంది. నిజానికి ఇది ఇంగ్లండు చర్చి కోర్టుల సరుకు, వలసపాలనతో పాటు మన కోర్టుల్లోకి దిగింది. పదకొండేళ్లకి పెళ్లయిన రఖ్మాబాయి భర్త ఇంటికి వెళ్లనంటే, 1884లో ఆమె మీద బొంబాయి హైకోర్టులో వేసిన దావా ఇదే. మొదట జస్టిస్ పిన్హీ దాన్ని కొట్టేశాడు. అప్పీలు తర్వాత 1887లో తీర్పు తిరగబడింది: కాపురానికి వెళ్లు, లేదంటే ఆరు నెలల జైలు. జైలుకే వెళ్తానందామె. చివరికి 1888లో రెండు వేల రూపాయలిచ్చి రాజీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. తర్వాత లండన్ వెళ్లి డాక్టరై తిరిగొచ్చింది.

1923లో జైలుశిక్ష పోయింది, ఆస్తి జప్తు మిగిలింది. 1955 హిందూ వివాహ చట్టంలో ఈ దావాకి మళ్లీ చోటు దొరికింది. ఇంగ్లండు మాత్రం 1970లో దీన్ని రద్దు చేసుకుంది. ఇచ్చినవాళ్లు వదిలేశారు, పుచ్చుకున్నవాళ్లం దాచుకున్నాం.

1983 జూలై 1న జస్టిస్ చౌదరి సెక్షన్ 9ని కొట్టేశారు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. కాపురం చెయ్యమని ఆదేశించడమంటే, ఇష్టంలేని మనిషితో పడుకోవాలా వద్దా, బిడ్డని కనాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఆమె చేతుల్లోంచి తీసుకుని రాజ్యం చేతుల్లో పెట్టడం. అది 21వ అధికరణం కాపాడే ఆత్మగౌరవానికి, ఏకాంతానికి దెబ్బ. సెక్షన్ భార్యాభర్తలిద్దరికీ ఒకటే కదా అంటే, కాగితం మీద మాత్రమే ఒకటి. గర్భం మోసేది ఒకరే. అందుకే 14వ అధికరణం కింద కూడా ఇది నిలవదన్నారు.

అప్పటికి ప్రైవసీ హక్కుకి గట్టి పునాది లేదు. పోలీసులు అర్ధరాత్రి తలుపు తట్టడం గురించిన ఖరక్‌సింగ్ కేసులో, 1962లో, ప్రైవసీ రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ తేల్చింది. కాదు, అది వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని విభేదించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. రాజ్యం ఆ ఇంటి తలుపు దగ్గర ఆగాలని ఆయన అన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత అదే హైకోర్టులో చౌదరి ఇంకో మాట చేర్చారు: ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషికి కూడా తనదంటూ ఒక ఏకాంతం ఉంది.

కొద్ది నెలల్లోనే ఢిల్లీ హైకోర్టు నుంచి జవాబొచ్చింది. హర్విందర్ కౌర్ కేసులో జస్టిస్ రోహత్గీ, సంసారంలోకి రాజ్యాంగాన్ని తేవడమంటే గాజుసామాన్ల కొట్లోకి ఆంబోతుని తోలడమే అన్నారు. కాపురమంటే పడక ఒక్కటే కాదు, తోడు కూడా అన్నది ఆయన వాదన. 1984 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ వైపే మొగ్గింది. సరోజ్‌రాణి కేసులో సెక్షన్ 9 సంసారాలు విరిగిపోకుండా కాపాడే సాయమంది, చౌదరి తీర్పుని తోసిపుచ్చింది.

కానీ అదే కేసులో ఏం జరిగిందో చూడండి. కాపురం కోసం కోర్టుకెళ్లింది భార్య. భర్త ఒప్పుకున్నాడు, డిక్రీ వచ్చింది. ఏడాది దాటాక, డిక్రీ వచ్చినా మేం కలిసుండలేదు కాబట్టి విడాకులివ్వండని అతనే కోర్టుకెళ్లాడు. చట్టంలో ఆ దారి ఉంది. సుప్రీంకోర్టు అతని విడాకుల్ని ఖాయం చేసింది. సంసారాన్ని నిలబెట్టే సాయమన్న సెక్షన్, అదే తీర్పులో సంసారాన్ని ముగించే మెట్టయింది.

సెక్షన్ వల్ల ఆడవాళ్లకి ఏ ఉపయోగమూ లేదనలేం. వదిలేసిన భర్త మీద ‘నేను కాదు, తనే వదిలాడు’ అని కాగితం మీద రుజువు చేసుకోవడానికి వాడుకున్నవాళ్లున్నారు. భరణం అడిగిన భార్య మీద ఎదురు పిటిషన్‌గా వాడిన మగవాళ్లూ ఉన్నారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ దారి కొంత మూసింది. కాపురానికి రమ్మన్న డిక్రీని పాటించకపోయినా, తగిన కారణం ఉంటే భార్యకి భరణం అందుతుందని చెప్పింది. అంటే ఆమె ‘రాను’ అన్నదానికి వెనక ఒక కారణం ఉండొచ్చని కోర్టు వినడానికి సిద్ధపడింది.

2017లో పుట్టస్వామి తీర్పు సుబ్బారావు పక్షాన్ని గెలిపించింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ప్రైవసీ ప్రాథమిక హక్కన్నారు. మరుసటి ఏడు లా కమిషన్ తన చర్చాపత్రంలో సెక్షన్ 9ని తీసెయ్యమంది. 2019లో లా విద్యార్థులు దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకెళ్లారు. సెక్షన్ మాత్రం చట్టంలో అలాగే ఉంది. పెళ్లాం మీద బలవంతం అత్యాచారం కాదన్న మినహాయింపు కొత్త న్యాయసంహితలోకీ వచ్చింది. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నంతకాలం, కోర్టు ఆమెని ఏ ఇంటికి పొమ్మంటుందో ఆ ఇంట్లో ఆమె వద్దన్న మాటకి చట్టంలో బలం తక్కువ. చౌదరి 1983లో చూసింది సరిగ్గా ఈ ఖాళీనే. ఇల్లు పెళుసైన గాజే కావొచ్చు. అది ఎప్పుడు పగిలినా ముక్కలు ఎవరి కాళ్లకి గుచ్చుకుంటాయన్నది ఆయన అడిగిన ప్రశ్న. దానికి ఢిల్లీ నుంచి ఇంకా జవాబు రాలేదు.