ఖరగ్‌పూరు: రైలుబాట వెలయించిన నగరం

మన దేశంలో నగరాలు తరచుగా మూడు కారణాల వలన పుట్టినవి. నదీతీరాన తీర్థం వెలసి యాత్రికుల రాకపోకల వలన పెరిగిన ఊళ్లు కొన్ని. రాజు కోట కట్టి కొలువు తీర్చినందున వృద్ధిపొందినవి కొన్ని. రేవులో ఓడలు దిగి వర్తకులు కొట్లు పెట్టినందున విస్తరించినవి మరికొన్ని. పందొమ్మిదవ శతాబ్ది ఈ మూడింటికి నాలుగవ కారణాన్ని చేర్చినది. ఇనుపదారులు కలుసుకొన్న చోట దేవుడు లేకున్నా, రాజు లేకున్నా, నది లేకున్నా ఊరు లేచినది. సైబీరియాలో ఓబ్ నదిపై రైలు వంతెన కట్టడానికి 1893లో కూలీలు దిగిన తావు పది సంవత్సరాలలో పట్టణమైనది; అదే నేటి నోవోసిబిర్స్క్. బీహారులో జమాల్‌పూరు 1862లో నెలకొన్న రైల్వే కార్ఖానాను ఆశ్రయించి ఎదిగినది. తెలుగుదేశంలోని కాజీపేట, బిట్రగుంట కూడా ఈ కోవకు చెందినవే. పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరు ఈ కుటుంబంలో ఒకటి. తెలుగువారికి దానితో గల సంబంధం మిక్కిలి సన్నిహితమైనది.

ఖరగ్‌పూరు ఉన్న నేల పశ్చిమ మేదినీపురం జిల్లాలో కంసావతీ నదికి దక్షిణాన ఉన్న ఎర్రరాతి మెట్ట. కంసావతినే అక్కడివారు కాసాయి అని పిలుస్తారు. తూర్పున సముద్రం వైపు వాలిన వరిపొలాలు వర్షాకాలంలో నీట మునిగినా ఈ గట్టినేల మునగదు. నది ఆవలి గట్టున ఉన్న మేదినీపురం ప్రాచీనమైన పట్టణం. ఈవలి గట్టున మాత్రం పల్లెలు, పొదలు, సాలవృక్షాల అడవి ఉండేవి. ఇందా అనే పల్లెలోని ఖడ్గేశ్వర శివాలయం వలన ఈ ఊరికి పేరు వచ్చినదని కొందరంటారు. మల్లభూమి రాజైన ఖడ్గమల్లుని పేరు మీదుగా వచ్చినదని మరికొందరంటారు. ఏ కథ నిజమైనా, ఆ పేరును దేశానికంతటికీ తెలియజేసినది రైలు పలకయే.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో స్థాపితమైనది. నాగపూరు నుండి అసన్సోలు వరకు దాని ప్రధానమార్గం 1891లో పూర్తి అయినది. అయితే అసన్సోలు చేరిన సరకు కలకత్తాకు పోవలెనంటే ఈస్టిండియన్ రైల్వే అనే మరొక కంపెనీ పట్టాలపై పోవలసి ఉండెను. పోటీదారు వాకిటి గుండా తన ఇంటికి పోవలసిన గృహస్థు వంటిది ఈ కంపెనీ పరిస్థితి. హౌరాకు సొంతదారి కావాలని అది కోరినది. అదే కాలంలో తూర్పుతీరాన బెజవాడ నుండి కటకం వరకు ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం 1893 నుండి 1896 వరకు భాగాలుగా తెరవబడినది. ఆ మార్గాన్ని కూడా కలకత్తాకు కలుపవలసి వచ్చినది. పడమటి నుండి వచ్చే దారి, దక్షిణం నుండి వచ్చే దారి, రెండూ కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిని దాటితేనే హౌరా చేరగలవు. అంతటి నదిపై రెండు వంతెనలు కట్టడం వ్యయసాధ్యం. కనుక నదికి ఇవతల, వరద తాకని మెట్టపై రెండు దారులను కలిపినారు. ఆ కలయికయే ఖరగ్‌పూరు. 1900లో రూపనారాయణపై వంతెన తెరవబడినది. నాగపూరు, కటకం మార్గాలు రెండూ హౌరాకు అందినవి. వెంటనే మేదినీపురం మీదుగా ఉత్తరాన బొగ్గుగనుల వైపు మరొక మార్గం బయలుదేరినది. ఈ విధంగా పల్లె కూడలి అయినది.

కూడలి అయినంత మాత్రాన నగరం కాదు. ఖరగ్‌పూరును నగరంగా చేసినది కార్ఖానా. ఇంజనులు, పెట్టెలు, వ్యాగన్లు మరమ్మతు చేయడానికి కంపెనీ తన ప్రధాన కార్ఖానాను ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఇక్కడ నెలకొల్పినది. ఒక ఇంజను కార్ఖానాకు వచ్చినదంటే దాని బాయిలరును వేరుచేయాలి, గొట్టాలు మార్చాలి, చక్రాలను లేతుపై తిప్పాలి, అరిగిపోయిన భాగాలకు ఫౌండ్రీలో కొత్తవి పోతపోయాలి. దీనికి కమ్మరి, వడ్రంగి, పోతపనివాడు, ఫిట్టరు కావాలి. వీరందరికీ చేయి అందించే ఖలాసీలు అంతకు అనేక రెట్లు కావాలి. అంతమంది శ్రామికులు పరిసరాలలోని పల్లెలలో దొరకలేదు. వ్యవసాయంపై బ్రతికే బెంగాలీ రైతు గంట మ్రోగగానే కార్ఖానాలోకి పోయే జీవితాన్ని తొందరగా అంగీకరించలేదు. కంపెనీ దూరప్రాంతాల వైపు చూచినది.

అందులో ఒకటి ఉత్తరాంధ్రం. నాటి గంజాం, విశాఖపట్టణం జిల్లాలలోని పేదరైతులు, కూలీలు కరవు వచ్చినప్పుడు కళింగపట్నం, గోపాలపురం, విశాఖపట్నం రేవులలో ఓడ ఎక్కి రంగూనుకు పోవడం అప్పటికే అలవాటు. 1866 నాటి కరవు, 1896-97 నాటి కరవు ఆ ప్రాంతాలను పిండివేసినవి. 1902లో ఈస్ట్ కోస్ట్ మార్గపు ఉత్తరభాగం బెంగాల్ నాగ్‌పూర్ కంపెనీ చేతికి వచ్చినది. వాల్తేరు ఆ కంపెనీ సరిహద్దు స్టేషను అయినది. దానితో సముద్రం దాటనవసరం లేని మరొక రంగూను శ్రీకాకుళం కూలీకి దొరికినది. ముందు పోయినవాడు తన తమ్ముని, బావమరిదిని, ఊరివారిని పిలిపించుకొన్నాడు. పట్టాలు వేసే పనికి పోయినవారు కొందరు కార్ఖానాలో ఖలాసీలైనారు. కొందరు లోకో షెడ్డులో బొగ్గు ఎత్తినారు. కొందరు ఫైర్‌మన్లు, పాయింట్స్‌మన్లు అయినారు. వారి పిల్లలు ఫిట్టర్లు, గుమాస్తాలు అయినారు. ఈ విధంగా బెంగాలు గడ్డపై ఒక తెలుగు ఊరు, ఊరిలో భాగంగా ఏర్పడినది. పంజాబు, బీహారు, ఒరిస్సా, తమిళదేశం, గుజరాతు నుండి వచ్చినవారు కూడా దాని ఇరుగుపొరుగున స్థిరపడినారు. ఖరగ్‌పూరును చిన్న భారతదేశమని వ్యవహరించడం ఇందువలననే.

ఆ చిన్న భారతదేశం సమానుల సమాజంగా మాత్రం నిర్మింపబడలేదు. నేల కంపెనీది, ఇల్లు కంపెనీది, వీధిదీపం, నీటికుళాయి, ఆసుపత్రి కూడా కంపెనీవే. ఆంగ్లేయ అధికారులకు విశాలమైన ఆవరణలు గల బంగళాలు. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లుగా పనిచేసే ఆంగ్లో ఇండియన్లకు తోటలు గల ఇళ్లు. భారతీయ శ్రామికులకు వరుసగా కట్టిన చిన్న క్వార్టర్లు. మనిషి హోదా ఏమిటో అతని ఇంటి కొలత చెప్పేది. జీతంలో, ఆటస్థలంలో, క్లబ్బులో కూడా ఈ భేదం కొనసాగినది. ఒకే ఇంజనుపై ఒకరు డ్రైవరుగా, ఒకరు ఫైర్‌మన్‌గా రాత్రంతా ప్రయాణించినవారు తెల్లవారిన తరువాత రెండు వేర్వేరు ఊళ్లకు పోయినట్లు రెండు దిక్కులకు పోయేవారు.

ఈ అసమానత 1927లో బద్దలైనది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో ఖరగ్‌పూరు శ్రామికులు సమ్మె కట్టినారు. సెప్టెంబరులో, వేయిమందికి పైగా శ్రామికులను తొలగించే ఉద్దేశం బయటపడగా, పోరాటం మళ్లీ రగిలినది. కంపెనీ కార్ఖానా తలుపులు మూసినది. ఆ సంక్షోభం డిసెంబరు వరకు సాగినది. నెలల తరబడి జీతం లేని కుటుంబాలు ఉప్పుకు, బియ్యానికి అప్పుచేసి నిలబడినవి. ఈ పోరాటాలలో శ్రామికులకు అండగా నిలిచినవాడు వరాహగిరి వేంకటగిరి. బరంపురంలో పుట్టి, ఐర్లండులో న్యాయశాస్త్రం చదివిన ఆ తెలుగు నాయకుడు శ్రామికుల భాషలోనే వారితో మాట్లాడగలిగినాడు. అదే 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశానికి భారతీయ శ్రామికుల ప్రతినిధిగా పోయినాడు. 1969లో ఆయన రాష్ట్రపతి అయినాడు. ఆయన శ్రామికోద్యమ జీవితానికి పాఠశాలలైన తావులలో ఖరగ్‌పూరు కార్ఖానా వాకిలి ఒకటి. ఇది తెలుగువారు మరువరాని విషయం.

నాలుగు సంవత్సరాల తరువాత ఖరగ్‌పూరు పేరు మరొక విధంగా దేశమంతటా వినబడినది. ఊరి అంచున ఉన్న హిజ్లీలో ప్రభుత్వం 1930లో నిర్బంధ శిబిరాన్ని తెరచినది. 1931 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి అక్కడి నిరాయుధులైన నిర్బంధితులపై పోలీసులు కాల్పులు జరిపినారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త మరణించినారు. వారి భౌతికకాయాలను తీసుకొనిపోవడానికి సుభాష్ చంద్ర బోసు వచ్చినాడు. వృద్ధుడైన రవీంద్రనాథ ఠాకూరు అస్వస్థతను లెక్కచేయక కలకత్తాలో మహాసభలో నిరసన పలికినాడు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆ శిబిర భవనమే దేశంలోని మొదటి భారతీయ సాంకేతిక విద్యాసంస్థకు నిలయమైనది. 1951 ఆగస్టు 18న మౌలానా ఆజాదు దానిని ప్రారంభించినాడు. చెరసాల పాఠశాల కావడం ఏ దేశచరిత్రలోనైనా అరుదైన శుభఘటన.

కంపెనీ పాలన 1944లో ముగిసినది. ప్రభుత్వం రైల్వేను స్వాధీనం చేసుకొన్నది. 1952లో అది తూర్పు రైల్వేలో భాగమైనది. 1955లో ఆగ్నేయ రైల్వేగా వేరుపడినది. 1954లో పట్టణానికి పురపాలక సంఘం ఏర్పడినది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అనేకం ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు తరలిపోయినవి. వారు విడిచిన ఇళ్లలోకి బెంగాలీ, తెలుగు, బీహారీ ఉద్యోగులు ప్రవేశించినారు. 1974 మేలో దేశమంతటా జరిగిన రైల్వే సమ్మెలో ఖరగ్‌పూరు శ్రామికులు కూడా పాల్గొన్నారు. బొగ్గుపొగ పోయి విద్యుత్తీగలు వచ్చినవి. ఆవిరి ఇంజనును నమ్ముకొన్న బిట్రగుంట ఆ మార్పుకు తట్టుకోలేక చిన్నబోయినది. ఖరగ్‌పూరు కార్ఖానా మాత్రం కొత్త ఇంజన్లను, పెట్టెలను మరమ్మతు చేయడం నేర్చుకొని నిలబడినది. ఊరి పేరును పాఠ్యపుస్తకాలకు ఎక్కించిన ప్లాట్‌ఫారము 1072 మీటర్ల పొడవు వరకు పెరిగి చాలాకాలం ప్రపంచంలోనే పెద్దదిగా ఉండెను. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్లి దానిని మించినవి. ఆ గౌరవం పోయినందున ఊరి ప్రాముఖ్యం తగ్గలేదు.

ఇప్పుడు ఖరగ్‌పూరు రెండు లక్షలకు మించిన జనాభా గల నగరం. గోల్‌బజారులో ఒక గంటసేపు నిలబడినవారికి అక్కడి జీవితం అర్థమవుతుంది. కొనేవాడు తెలుగులో ఆలోచించి హిందీలో బేరమాడుతాడు. అమ్మేవాడు బెంగాలీలో లెక్కపెట్టి హిందీలో జవాబిస్తాడు. ఆ హిందీ కాశీ పండితుడు మెచ్చే హిందీ కాదు. అందులో లింగభేదం పట్టింపు తక్కువ, బెంగాలీ యాస ఎక్కువ. కాని పది ప్రాంతాలవారు తమలో తాము కలహించక బ్రతకడానికి అది చాలినది. భాషకు ఇంతకంటె పెద్ద ప్రయోజనం ఏమున్నది? ఇక ఇంటిలోపల తెలుగు తెలుగుగానే ఉన్నది. ఉత్తరాంధ్ర గ్రామదేవత రైలెక్కి వచ్చినట్లు, మాతాపూజ పేరిట తెలుగువారి అమ్మవారి ఉత్సవం అక్కడ వైభవంగా జరుగుతుంది. దుర్గాపూజకు తెలుగువారు బెంగాలీల పందిళ్లకు పోతారు. మాతాపూజను చూడడానికి బెంగాలీలు తెలుగువారి పేటలకు వస్తారు.

ఈ సామరస్యం వెనుక ఒక తీరని ప్రశ్న ఉన్నది. రైల్వే క్వార్టరు ఉద్యోగం ఉన్నంతవరకే. పదవీవిరమణ అయిన మనిషి ముప్పయి, నలభై సంవత్సరాలు నివసించిన ఇంటి తాళం అప్పగించి బయటకు రావాలి. అప్పుడు అతడు ఎక్కడికి పోవాలి? తాత విడిచిన శ్రీకాకుళపు పల్లెలో అతనికి పొలం లేదు, పేరు పెట్టి పిలిచేవారు లేరు. అందువలన అనేకులు క్వార్టర్ల అంచున, పురపాలక సంఘపు హద్దులలో చిన్న స్థలం కొని ఇల్లు కట్టుకొన్నారు. ఆ ఇల్లు కట్టిన రోజున వలస ముగిసినది, పౌరత్వం ఆరంభమైనది. కాని పిల్లల చదువు బెంగాలీలో, హిందీలో, ఇంగ్లీషులో సాగగా తెలుగు నోటికి మాత్రమే మిగిలినది. అమ్మమ్మ మాట అర్థమై, అమ్మమ్మ ఉత్తరం చదవలేని తరం వచ్చినది. తమ భాషకు గుర్తింపు కావాలన్న కోరిక ఈ నష్టం నుండి పుట్టినది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికారభాషలలో చేర్చడానికి నిర్ణయించినది. ఖరగ్‌పూరు తెలుగువారి సంఖ్య, వారి చిరకాల విజ్ఞప్తులు ఇందుకు ప్రధానకారణాలు. ఉత్తర్వు భాషకు గౌరవం ఇవ్వగలదు. అక్షరాన్ని పిల్లవాని వ్రేలికి అందించవలసినది మాత్రం ఇల్లు, బడి.

కంపెనీ ఖరగ్‌పూరులో ఒక యంత్రాన్ని నెలకొల్పదలచినది. మనుషులు దానిని ఊరుగా మార్చినారు. పట్టాలు, షెడ్లు, బంగళాలు లెక్కప్రకారం గీసిన పటంలో ఉన్నవి. గుడి, పందిరి, పెళ్లిమేళం, సమ్మె, నాలుగు భాషల బేరం ఆ పటంలో లేవు. పటంలో లేనివే నేటికీ ఆ ఊరిని నిలబెట్టుచున్నవి. మన కూలీలు పరదేశంలో ఏమి సంపాదించినారని అడిగేవారికి ఇదే సమాధానం. వారు సంపాదించిన ధనం స్వల్పం. కాని దేశపటంలో ఒక నగరాన్ని నిర్మించి, అందులో తమ మాట వినిపించేటట్లు చేసుకొన్నారు.